లాక్ నెస్ వెల్లింగ్టన్: దూకమనడం తప్పేనా?

ఈ కేసు చెప్పేటప్పుడు నేను ముగింపు దాచిపెడతాను. రెండు ఇంజిన్ల విమానం నేర్చుకోవడానికి వచ్చిన పైలట్లకు తలా ఒక తెల్ల కాగితం ఇచ్చి, బోర్డు మీద నాలుగు ముక్కలు రాస్తాను. ఎత్తు 8,000 అడుగులు. కింద కొండలు, వాటిని కప్పేసిన మేఘం. మంచు కురుస్తోంది, కుడి ఇంజిన్ ఆగిపోయింది. లోపల మీతో కలిపి ఎనిమిది మంది, అందరికీ పారాచూట్లు ఉన్నాయి. కెప్టెన్ మీరే. ఏం చేస్తారు?

రెండు నిమిషాల తర్వాత కాగితాలు తీసుకుంటే ఎక్కువమంది రాసేది ఒకటే: "అందర్నీ దూకమంటాను." అప్పుడు మిగతా కథ చెప్తాను. దూకిన ఆరుగురిలో ఒకరు చనిపోయారు. విమానంలోనే ఉండిపోయిన ఇద్దరు పైలట్లు దాన్ని ఒక సరస్సులో దింపి, రబ్బరు పడవలో ఒడ్డుకొచ్చి, దారిన పోయే లారీ ఎక్కి ఊళ్లోకి వెళ్లారు. గదిలో కాసేపు ఎవరూ మాట్లాడరు. తర్వాత ఎవరో ఒకరు, "సార్, నా కాగితం ఒకసారి ఇవ్వండి" అంటారు. దిద్దుకోవడానికి.

నేను ఇవ్వను. ఆ కాగితంలో దిద్దాల్సిందేమీ లేదని నా ఉద్దేశం. ఎందుకో చెప్పడానికే ఈ కేసును మొత్తంగా రాస్తున్నాను.

విమానం, అది పనిచేసిన చోటు

ఇది వికర్స్ వెల్లింగ్టన్, మార్క్ 1ఏ రకం బాంబర్. నంబరు ఎన్2980. దాని మీద రాసిన అక్షరం ఆర్, కాబట్టి 'ఆర్ ఫర్ రాబర్ట్'. ఇంగ్లండ్‌లో వేబ్రిడ్జ్ దగ్గరి బ్రూక్‌లాండ్స్‌లో తయారై 1939 నవంబరులో మొదటిసారి ఎగిరింది. వెల్లింగ్టన్ అస్థిపంజరం ఇంజనీరు బార్న్స్ వాలిస్ ఆలోచన. సన్నని లోహపు పట్టీలను బుట్ట అల్లినట్టు ఏటవాలుగా ఒకదాని మీదుగా ఒకటి అల్లి, పైన గుడ్డ కప్పారు. ఒక చోట తూటాలు పడి పట్టీలు తెగినా పక్క పట్టీలు ఆ బరువు పంచుకునేవి. ఒళ్లంతా చిల్లులు పడి, గుడ్డ చీలికలై వేలాడుతూ కూడా ఇంటికొచ్చిన వెల్లింగ్టన్ల ఫొటోలు చాలానే ఉన్నాయి. ఇలాంటివి మొత్తం 11,461 కట్టారు.

ఎన్2980 మొదటిసారి ఎగిరిన నెల రోజులకే యుద్ధం చూసింది. 1939 డిసెంబరు 18న, పట్టపగలు, ఫైటర్ల తోడు లేకుండా, జర్మనీ తీరానికి దగ్గరి హెలిగోలాండ్ బైట్ అనే సముద్ర భాగంలో జర్మన్ నౌకలను వెతుక్కుంటూ వెళ్లిన వెల్లింగ్టన్లలో 149 స్క్వాడ్రన్ తరఫున ఇదీ ఉంది. అక్కడిదాకా వెళ్లిన 22 విమానాల్లో 12 పోయాయి. ఇది తిరిగొచ్చింది. బాంబర్లు గుంపుగా ఎగిరితే తమ తుపాకులతో తమను తామే కాపాడుకోగలవన్న నమ్మకం ఆ మధ్యాహ్నంతో కూలిపోయింది. బ్రిటిష్ వెల్లింగ్టన్లు రాత్రి దాడులకు మళ్లాయి. తర్వాత మన విమానం 37 స్క్వాడ్రన్‌కు మారి, 1940 అక్టోబరులో ఈశాన్య స్కాట్లండ్ తీరాన లాసీమౌత్‌లో ఉన్న 20వ ఓటీయూకి చేరింది.

ఓటీయూ అంటే ఆపరేషనల్ ట్రైనింగ్ యూనిట్. పైలట్, నావిగేటర్, వైర్‌లెస్ ఆపరేటర్, గన్నర్ ఎవరి పని వాళ్లు వేర్వేరు స్కూళ్లలో నేర్చుకుని ఇక్కడికి వచ్చి, ఒక జట్టుగా కలిసి ఎగరడం నేర్చుకునేవారు. కొత్త విమానాలన్నీ దాడులకు వెళ్లే స్క్వాడ్రన్లకే కావాలి. అక్కడ వాడి, వెనక్కి పంపిన పాతవి ఓటీయూలకు వచ్చేవి. అంటే అనుభవం తక్కువ ఉన్నవాళ్లకు అరిగిన ఇంజిన్లు. అది ఎవరో నిర్లక్ష్యంగా చేసిన పని అనను, యుద్ధంలో లెక్క అలాగే తేలుతుంది. కానీ దాని ధర ఉంది. బ్రిటన్ బాంబర్లను నడిపిన బాంబర్ కమాండ్ యుద్ధం మొత్తంలో పోగొట్టుకున్న 55,573 మంది విమాన సిబ్బందిలో 8 వేలకు పైగా శత్రువు చేతిలో పోలేదు, శిక్షణలో, ప్రమాదాల్లో పోయారు. శత్రువు తుపాకీ గుండు ఒక్కటీ లేకుండా.

1940 డిసెంబరు 31

ఆ రోజు పని నావిగేషన్ శిక్షణ. కెప్టెన్ స్క్వాడ్రన్ లీడర్ నైజెల్ మార్వుడ్-ఎల్టన్. పక్కన కో-పైలట్‌గా పైలట్ ఆఫీసర్ స్లేటర్. వాళ్లు కాక ఇంకో ఆరుగురు. వెనక టరెట్‌లో, అంటే తోక చివరి తుపాకీ గదిలో, సార్జెంట్ ఫెన్సమ్.

మొనాలియా కొండల మీద ఉండగా మంచు తుఫాను పట్టుకుంది. మొనాలియా అంటే లాక్ నెస్ సరస్సుకు తూర్పున పరుచుకున్న ఎత్తైన, మనుషుల్లేని కొండ భూములు. అన్నిటికన్నా ఎత్తు శిఖరం కార్న్ డెర్గ్, 945 మీటర్లు, అంటే దాదాపు 3,100 అడుగులు. విమానం సుమారు 8,000 అడుగుల ఎత్తులో ఉంది. అప్పుడే కుడి ఇంజిన్ ఆగింది. ఎత్తు నిలవడం లేదు. కెప్టెన్ విమానం వదిలి దూకమన్నాడు.

ఆరుగురు దూకారు. ఐదుగురు కొండల మీద ప్రాణాలతో దిగారు. ఫెన్సమ్ పారాచూట్ దూకడంలో దెబ్బతిని ఆయన్ని కాపాడలేకపోయింది.

వాళ్లు వెళ్లిన కొద్దిసేపటికి మేఘంలో ఒక సందు కనిపించింది. దాని కింద పొడవాటి నీళ్లు. పైలట్లు ఇద్దరూ దూకే ఆలోచన మానుకుని, అర్‌క్వర్ట్ అఖాతం దగ్గర లాక్ నెస్‌లో విమానాన్ని దించారు. అది మునిగేలోపు రెక్క మీదికి ఎక్కి, డింగీ వేసుకుని ఒడ్డు చేరారు. ఒడ్డు వెంటే రోడ్డు. లారీ ఒకటి వాళ్లను ఎక్కించుకుని ఇన్వర్‌నెస్ తీసుకెళ్లింది.

జరిగింది ఇంతే. చెప్పడానికి ఐదు నిమిషాలు చాలు. విప్పి చూడటానికి మాత్రం నాకు ఒక పూట పడుతుంది.

సగం పోతే మిగిలేది సగం కాదు

రెండు ఇంజిన్లలో ఒకటి ఆగితే బలం సగం ఉంటుంది కదా, మెల్లగా ఇంటికి వెళ్లొచ్చు కదా అని విమానం తెలియనివాళ్లు అడుగుతారు. కొత్తగా నేర్చుకునే పైలట్లు కూడా మనసులో అదే అనుకుంటారు, పైకి అడగరు. నేను జీతంతో పోల్చి చెప్తాను. నెలకు వచ్చే జీతంలో అద్దె, బియ్యం, ఫీజులు పోగా చివర కొంచెం మిగులుతుంది. జీతం సగానికి పడిపోతే ఆ మిగులులో సగం తగ్గదు, మిగులు మొత్తం పోయి అప్పు మొదలవుతుంది. విమానానికి సమంగా ఎగరడమే నెల ఖర్చు. ఆ ఖర్చు పోగా మిగిలిన బలంతోనే పైకి ఎక్కుతుంది. ఒక ఇంజిన్ పోతే ఇప్పటి చిన్న రెండు ఇంజిన్ల విమానాలు కూడా పైకెక్కే శక్తిలో 80 శాతానికి పైగా పోగొట్టుకుంటాయి. అంతా సవ్యంగా ఉన్నప్పటి మాట ఇది.

1940 నాటి పెగాసస్ ఇంజిన్ల వెల్లింగ్టన్‌కు ఇంకో భారం ఉండేది. ఇప్పుడైతే ఇంజిన్ ఆగగానే ప్రొపెల్లర్ రెక్కల అంచు గాలికి ఎదురుగా ఉండేలా తిప్పేస్తాం. ఫెదరింగ్ అంటాం. అప్పుడు ఆ ప్రొపెల్లర్ కదలకుండా, గాలిని పెద్దగా అడ్డుకోకుండా ఉంటుంది. ఆ వెల్లింగ్టన్లలో ఆ సౌకర్యం లేదు. ఆగిన ఇంజిన్ ప్రొపెల్లర్‌ను ఎదురు గాలి గాలిపంకాలా తిప్పుతూనే ఉంటుంది. అలా తిరిగే పళ్లెం ఒక రెక్కను వెనక్కి లాగుతుంది, రెండో రెక్క మీది ఇంజిన్ ముందుకు తోస్తుంది. విమానం పక్కకు తిరిగిపోకుండా పైలట్ కాలితో రడ్డర్‌ను, అంటే తోకమీది చుక్కానిని, బలమంతా పెట్టి తొక్కి ఉంచాలి. అలా తొక్కిన రడ్డర్ కూడా గాలికి అడ్డమే. ఒక్కొక్కటీ కలిసి చివరికి అప్పు పెరుగుతుంది. విమానం మెట్లు దిగినట్టు దిగుతూనే ఉంటుంది.

ఎంత వేగంగా దిగి ఉంటుందో నేను ఒక ఊహ లెక్కతో చూపిస్తాను. నిమిషానికి 500 అడుగులు అనుకుందాం. 8,000 నుంచి 3,100 దాకా 4,900 అడుగులు. అంటే కొండ నెత్తిన తగలడానికి దాదాపు పది నిమిషాలు. పారాచూట్ తెరుచుకుని నెమ్మదించడానికి ఎత్తు కావాలి, కాబట్టి చివరి రెండు మూడు నిమిషాలు తీసేయండి. ఆరుగురు మనుషులు లేచి, పారాచూట్ తగిలించుకుని, తలుపు తీసి, ఒకరి తర్వాత ఒకరు దూకాలి. మేఘంలో, చలిలో, చీకటి గొట్టంలాంటి విమానంలో. ఆలోచించుకోవడానికి కెప్టెన్‌కు మిగిలిన సమయం ఎంతో మీరే లెక్కేసుకోండి. ఆలస్యంగా ఇచ్చిన సరైన ఆర్డర్‌తో ఎవరికీ ఉపయోగం ఉండదు.

ఇంజిన్ ఎందుకు ఆగిందన్నదాని మీద నేను క్లాసులో ఎక్కువసేపు ఉండను. మంచు మేఘంలో ఇంజిన్ ఆగిందనగానే విద్యార్థులంతా "కార్బురేటర్ ఐసింగ్" అంటారు. పెట్రోలు ఆవిరవుతూ గాలిని చల్లబరిస్తే అందులోని తేమ గడ్డకట్టి గొంతు మూసేయడం అది. నిజానికి ఆ ప్రమాదం గడ్డకట్టే చలికన్నా తేమగా, ఓ మోస్తరు చల్లగా ఉన్న రోజునే ఎక్కువ. కురిసే మంచు తిన్నగా గాలి మార్గానికి అడ్డుపడటం వేరే సంగతి. దాడుల్లో వాడి వచ్చిన ఇంజిన్ తనంతట తానే ఆగడానికి ఇవేవీ అక్కర్లేదు కూడా. కారణం ఏదైనా కెప్టెన్ ముందున్న లెక్క మారదు.

కాగితం ఎందుకు దిద్దనివ్వను

ఫలితం తెలిశాక నిర్ణయాన్ని కొలవడం మన వృత్తిలో పెద్ద జబ్బు. దర్యాప్తుల్లో ఉంది, పరీక్షల్లో ఉంది, టీ తాగుతూ చెప్పుకునే కబుర్లలో మరీ ఉంది. ఈ కేసు ఆ జబ్బును బయటపెట్టడానికి బాగా పనికొస్తుంది. ఎందుకంటే ఫలితం సరిగ్గా తిరగబడింది. భద్రమనుకున్న దారిన వెళ్లిన మనిషి పోయాడు. ప్రమాదమనుకున్న దారిన వెళ్లినవాళ్లు బతికారు.

విద్యార్థుల వాదన ఇలా నడుస్తుంది. "సార్, లాక్ నెస్ మ్యాపులో ఉంది కదా. అటు తిప్పొచ్చుగా?" మంచి ప్రశ్న. సరస్సు పొడవు 37 కిలోమీటర్లు. వెడల్పు చాలా చోట్ల ఒకటిన్నర కిలోమీటరే. గ్రేట్ గ్లెన్ లోయలో, రెండు వైపులా నిటారు కొండల మధ్య ఉంటుంది. ఆ కాలంలో మేఘం మీద ఎగిరే విమానం తాను ఎక్కడ ఉందో తెలుసుకునేది వేగం, దిశ, గాలి, గడియారం కలిపి వేసిన లెక్కతో. ఆ లెక్కలో గాలి అంచనా కొంచెం తప్పితే సరస్సు వెడల్పుకు ఎన్నో రెట్లు తేడా వస్తుంది. ఆ రోజు విమానం ఎగిరిందే ఆ లెక్క నేర్చుకోవడానికి. అలాంటి లెక్కను నమ్మి, ఎనిమిది మందిని పెట్టుకుని, ఏమీ కనిపించని మేఘంలోంచి కొండల మధ్య ఉన్న సన్నటి లోయలోకి దిగుతావా? స్కాట్లండ్, వేల్స్ కొండల మీద ఇప్పటికీ కనిపించే శిక్షణ విమానాల శకలాల్లో చాలావాటి కథ అదే. మేఘంలోంచి దిగారు, కొండ ముందుంది.

సందు కనిపించకముందు ఆర్డర్ ఇచ్చాడు. కనిపించాక తన ప్లాన్ మార్చుకున్నాడు. రెండూ సరైనవే, రెండింటి మధ్య కొత్త సంగతి ఒకటి తెలిసింది, అంతే. నాకు మార్వుడ్-ఎల్టన్‌లో నచ్చేది రెండోది. ఒకసారి "దూకాలి" అనుకున్న మనిషి చెవులకు ఇంకేదీ వినిపించదు, కళ్లకు కనిపించదు. ఆయన కళ్లు ఇంకా చూస్తున్నాయి.

ఇంకో సంగతి ఉంది, క్లాసులో దీన్ని ఎవరూ తమంతట తాము చెప్పలేదు. విమానం నీళ్లమీద దిగేటప్పటికి అందులో ఇద్దరే ఉన్నారు. ఆరుగురు మనుషులు, వాళ్ల బట్టలు, పారాచూట్లు కలిపితే అర టన్ను పైమాటే. అంత బరువు తగ్గిన విమానం కొంచెం నెమ్మదిగా దిగుతుంది, కొంచెం తక్కువ వేగంతో నీళ్లను తాకుతుంది. డిసెంబరు చివరి రోజున మంచులాంటి నీళ్లలో, మునుగుతున్న విమానంలోంచి ఇద్దరు బయటికి రావడం వేరు, ముక్కు నుంచి తోక దాకా చెల్లాచెదురుగా ఉన్న ఎనిమిది మంది రావడం వేరు. విమానంలో ఉండిపోయిన ఇద్దరూ బతికారంటే, మిగతావాళ్లు దూకడం కూడా దానికి ఒక కారణం. "అందరూ ఉండిపోతే అందరూ బతికేవారు" అన్నది మనం కల్పించుకున్న కథ.

తోకలో మనిషి

ఇక దిద్దాల్సింది ఎక్కడుందో చెప్తాను. వెల్లింగ్టన్ పొడవు దాదాపు 20 మీటర్లు. పైలట్లు ముక్కు దగ్గర, వెనక గన్నర్ తోక చివర. మధ్యలో వాలు పట్టీల గొట్టం. గన్నర్ కూర్చునేది తిరిగే గాజు గదిలాంటి టరెట్‌లో. మోకాళ్లు మడిచి, రెండు మెషిన్‌గన్ల మధ్య. పైలట్ తన పారాచూట్ మీదే కూర్చుంటాడు, లేస్తే అదీ లేస్తుంది. గన్నర్‌కు అంత చోటు లేదు. పట్టీలు మాత్రం ఒంటిమీద ఉంటాయి, పారాచూట్ మూట టరెట్ బయట, విమానం లోపల వేరే చోట ఉంటుంది. దూకమన్న మాట ఇంటర్‌కమ్‌లో వినగానే టరెట్‌ను సరిగ్గా తిప్పాలి, వెనక తలుపులు తెరవాలి, చేయి చాచి మూట అందుకోవాలి, రొమ్ము మీద రెండు కొక్కేలకు తగిలించాలి. మందపాటి గ్లౌజులతో, చలికి బిగుసుకున్న వేళ్లతో. అప్పుడు దూకాలి. దూకాక వెంటనే తాడు లాగకూడదు, విమానానికి దూరం అయ్యేదాకా ఆగాలి. విమానానికి దగ్గరగా తెరుచుకున్న పట్టుగుడ్డకు ఏ చిన్న అంచు తగిలినా చాలు.

ఇవన్నీ కాగితం మీద చదివితే పది సెకన్ల పని. ఆర్‌ఏఎఫ్ (బ్రిటిష్ వైమానిక దళం) బాంబర్ సిబ్బంది దీన్ని నేల మీద మాత్రమే సాధన చేసేవారు. నిజంగా ఆకాశంలోంచి దూకించి నేర్పేవారు కాదు. దూకేటప్పుడు కాళ్లు విరిగితే శిక్షణ పొందిన మనిషి వృథా అని, ఎలాగూ జీవితంలో ఒక్కసారే కదా అని. అందుకే బాంబర్ సిబ్బందిలో ఎవరికైనా మొదటిసారి దూకడమే అసలైన దూకడం అయ్యేది. ఆ రోజు విమానంలో ప్రతి పనికీ శిక్షణ ఉంది. నావిగేషన్‌కు ఉంది, వైర్‌లెస్‌కు ఉంది, తుపాకీకి ఉంది. ఒక మనిషి ప్రాణం పోయిన పనికి మాత్రం లేదు. ఈ కేసులో నేను గీత గీసి చూపించే వాక్యం ఇదొక్కటే.

దూకమనడం ఒక మీట నొక్కినట్టు, నొక్కగానే అందరూ భద్రం అన్నట్టు పైలట్లు అనుకుంటారు. అది ఎంత తప్పో యుద్ధం చివరికొచ్చేసరికి అంకెల్లో తేలింది. బాంబర్ కమాండ్ పరిశోధన విభాగంలో పనిచేసిన ఫ్రీమన్ డైసన్, తర్వాత పెద్ద భౌతిక శాస్త్రవేత్త అయినాయన, కూలిన బాంబర్లలోంచి ఎంతమంది బతికి బయటపడ్డారో లెక్క తీశాడు. పగలు ఎగిరే అమెరికన్ బాంబర్లలో సగం మంది. బ్రిటిష్ బాంబర్ హాలిఫాక్స్‌లో నాలుగో వంతు. అన్నిటికన్నా గొప్పదని పేరున్న లాంకాస్టర్‌లో 15 శాతం. లాంకాస్టర్‌లో దూకే తలుపు 22 అంగుళాలు, హాలిఫాక్స్‌లో 24. రెండు అంగుళాలే కదా అనిపిస్తుంది. ఉబ్బిన బట్టలు వేసుకుని, రొమ్ము మీద మూట కట్టుకుని, గిర్రున తిరుగుతున్న విమానంలో ఆ కన్నంలోంచి దూరే మనిషిని అడగాలి. వెడల్పు పెంచాలన్న పోరాటం చాలాకాలం నడిచింది, ఫలితం వచ్చేసరికి యుద్ధం దాదాపు అయిపోయింది.

ఇప్పటి జెట్ పైలట్లు ఇక్కడ నవ్వుతారు, మనిషిని కుర్చీతో సహా బయటికి విసిరే ఇజెక్షన్ సీటు ఉంది కదా అని. ఉంది. 1946లో బ్రిటన్‌లో దాన్ని మొదటిసారి గాల్లో మనిషితో పరీక్షించడానికి వెనక ఉన్న కారణాల్లో ఇలాంటి మరణాలూ ఉన్నాయి. కానీ రెండు ఇంజిన్ల రవాణా విమానంలో, దాదాపు ఏ హెలికాప్టర్‌లోనూ ఆ సీటు లేదు.

పక్క కేసు ఒకటి

ఇంజిన్ పోవడం, శిక్షణ, ఈ రెంటికీ ఉన్న ముడి చూపించడానికి అట్లాంటిక్ అవతలి కేసు ఒకటి ముట్టుకుని వస్తాను. అమెరికాలో బి-26 మరాడర్ బాంబర్. చిన్న రెక్క, పెద్ద వేగం. ఫ్లోరిడాలో మాక్‌డిల్ ఫీల్డ్‌లో శిక్షణ పొందేవాళ్లు ఎంతగా కూలిపోయారంటే "రోజుకొకటి టాంపా బేలో" అన్న మాట పుట్టింది. విమానానికి 'విధవలను చేసేది' అని పేరొచ్చింది. రెక్కను 65 అడుగుల నుంచి 71కి పెంచారు. అదొక్కటే కాదు, పేరున్న అమెరికన్ పైలట్ జిమ్మీ డూలిటిల్ స్వయంగా వెళ్లి, ఒక ఇంజిన్ ఆపి, ఆగిన ఇంజిన్ వైపుకు కూడా తిప్పి, దించి చూపించాడు. ఆగిన వైపుకు తిరగకూడదన్నది అప్పటి పైలట్ల మూఢనమ్మకంలాంటి నియమం. భయానికి విమానం ఎంత కారణమో నేర్పిన తీరు కూడా అంతే కారణమని అది రుజువు చేసింది. తర్వాత యూరప్‌లో యుద్ధానికి వెళ్లిన మరాడర్లు చాలా తక్కువ నష్టాలతో పనిచేశాయి.

మరాడర్ పాఠం వెల్లింగ్టన్‌కు పూర్తిగా పట్టదు. ఎగరగలిగే బలం ఉన్న విమానాన్ని ధైర్యంగా నడపడం నేర్పొచ్చు. ఎత్తు నిలుపుకోలేని విమానానికి ధైర్యంతో పనిలేదు. ఈ తేడా తెలియకుండా "నమ్మకంతో ఒక ఇంజిన్ మీద వెళ్లిపోవచ్చు" అని చెప్పే శిక్షకుడు ప్రమాదకరమైన మనిషి.

తర్వాత

ఐదుగురు దిగింది మంచు కప్పిన కొండల మీద. అక్కడ డిసెంబరులో సాయంత్రం నాలుగులోపే సూర్యుడు అస్తమిస్తాడు. ఆ రోజుల్లో ఆర్‌ఏఎఫ్‌కు పద్ధతిగా ఏర్పాటైన కొండ రక్షక దళాలు లేవు. శిక్షణ విమానాలు వరసగా కొండలకు గుద్దుకుంటుంటే, వేల్స్‌లోని లాండ్‌రాగ్ స్టేషన్‌లో జార్జ్ గ్రాహం అనే వైద్యాధికారి తన దగ్గరున్న మనుషులతోనే బృందం కట్టాడు. ఆ పని మీద కట్టినదే 1943లో అధికారికంగా వచ్చిన ఆర్‌ఏఎఫ్ మౌంటెన్ రెస్క్యూ. మొదట అవి పైలట్లను వెతకడానికే పుట్టాయి. ఇప్పుడు ఎక్కువగా దారి తప్పిన పర్వతారోహకులను వెతుకుతున్నాయి.

విమానం సంగతి కొంచెం చిత్రం. 1976లో ఒక అమెరికన్ బృందం లాక్ నెస్ రాక్షసి కోసం సోనార్‌తో (ధ్వని తరంగాలతో వెతికే పరికరం) సరస్సు అడుగు గాలిస్తే రాక్షసి దొరకలేదు, రెక్కలున్న ఆకారం ఒకటి కనిపించింది. మొదట కాటలీనా సముద్ర విమానం అనుకున్నారు. తర్వాత ఎడిన్‌బరోలోని హెరియట్-వాట్ యూనివర్సిటీ వాళ్లు నీటి అడుగున కెమెరాలు దింపి అది వెల్లింగ్టన్ అని తేల్చారు. సుమారు 70 మీటర్ల లోతు. 1985 సెప్టెంబరులో పైకి లాగుతుంటే ఎత్తే చట్రం మొదటిసారి విరిగింది. రెండోసారి, 21వ తేదీన, ఎన్2980 నలభై అయిదేళ్ల తర్వాత గాలి పీల్చింది. బ్యాటరీ కలిపితే తోక లైట్లు వెలిగాయి. ఇప్పుడు అది తాను పుట్టిన బ్రూక్‌లాండ్స్‌లోనే మ్యూజియంలో ఉంది. ఆ 11,461లో నేటికి మిగిలినవి రెండే, వాటిలో యుద్ధం చేసి వచ్చింది ఇదొక్కటే.

ఆ లైట్ల ముచ్చట అందరూ చెప్తారు. క్లాసులో కూడా దానికే చప్పట్లు పడతాయి. నేను ఆ తోక వెలుగును చూపించే స్లయిడ్‌ను కాసేపు ఆపి ఉంచుతాను. గన్నర్ కూర్చున్నదీ ఆ తోకలోనే.

తర్వాత టేబుల్ కింద నుంచి పాత రొమ్ము పారాచూట్ మూట, పట్టీలు తీసి పెడతాను. ఒకరిని పిలిచి కుర్చీలో మోకాళ్లు మడిచి కూర్చోబెట్టి, ఉన్నితో చేసిన గ్లౌజుల మీద తోలు గ్లౌజులు తొడిగి, లైట్లు ఆర్పేస్తాం. మూట ఆయన వెనక, చేయి చాస్తే అందే దూరంలో ఉంటుంది. నేను "దూకండి" అంటాను. మిగతావాళ్లు గడియారం చూస్తారు. మొదటిసారి రెండు కొక్కేలూ సరిగ్గా తగిలించినవాళ్లు నా క్లాసుల్లో ఇప్పటిదాకా లేరు. ఒకటి తగిలించి, రెండోది తడుముకుంటూ, "సార్, ఒక్క నిమిషం" అంటారు.

ఆ తర్వాతే వాళ్ల కాగితాలు తిరిగి ఇస్తాను. "అందర్నీ దూకమంటాను" అన్న మాట కింద ఖాళీ ఉంటుంది కదా. అక్కడ రాయమంటాను: ఎవరు ముందు, ఎవరికి ఎంత సమయం పడుతుంది, తోకలో ఉన్న మనిషి విన్నాడని మీకు ఎలా తెలుస్తుంది, ఆయన దూకేదాకా విమానాన్ని ఎలా పట్టి ఉంచుతారు.